నాన్న పేస్‌మేకరు ఏ కంపెనీదో తెలుసుకోవడానికి పట్టిన మూడు రోజులు

2025 ఆగస్టు 6, బుధవారం తెల్లవారుజామున ఐదు గంటలకు మా నాన్న తణుకులోని మా ఇంటి స్నానాలగదిలో జారిపడ్డారు. ఆయనకు 76 ఏళ్ళు, ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఎడమ కాలు పక్కకు తిరిగిపోయి, కొంచెం పొట్టిగా కనిపించడంతో తుంటి విరిగిందని అమ్మకే తెలిసిపోయింది. ఊళ్ళో ఎక్స్‌రే తీయించి, 4,000 రూపాయలకు అంబులెన్సు మాట్లాడుకుని, తొమ్మిదిన్నరకల్లా రాజమహేంద్రవరంలోని ఒక ఎముకల ఆసుపత్రికి చేరాము. తొడ ఎముక మెడ దగ్గర విరిగిందనీ, బంతి భాగం మార్చాలనీ, ఈ వయసులో ఎంత తొందరగా ఆపరేషను చేసి లేపి కూర్చోబెడితే అంత మంచిదనీ, వీలైతే మరునాడు ఉదయమే చేసేస్తామనీ ఎముకల డాక్టరు గారు చెప్పారు. మేము కూడా అదే అనుకుని, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతామన్న లెక్కలో రెండు జతల బట్టలే తెచ్చుకున్నాము.

మధ్యాహ్నం ఒంటిగంటకు మత్తు డాక్టరు గారు నాన్నను పరీక్షించడానికి వచ్చారు. ఆవిడ స్టెతస్కోపు పెట్టబోతూ, ఎడమ భుజపుటెముక కింద చర్మం ఉబ్బెత్తుగా ఉండడం చూసి ఆగిపోయారు. పేస్‌మేకరు, అంటే గుండె లయ తప్పకుండా కొట్టించే చిన్న బ్యాటరీ పెట్టె, ఉందని మేము చేర్చుకునేటప్పుడే చెప్పాము, కేసు షీటులో రాశారు కూడా. అయితే ఆ ఒక్క మాట ఆవిడకు సరిపోలేదు. ఆవిడ వరుసగా నాలుగు ప్రశ్నలు అడిగారు: అది ఏ కంపెనీది, ఎప్పుడు పెట్టారు, ఆఖరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు, అది ఆగిపోతే ఆయన గుండె సొంతంగా ఎంత కొట్టుకుంటుంది. వీటిలో రెండో ప్రశ్నకు మాత్రమే నా దగ్గర జవాబు ఉంది, అదీ 2012 చివర అన్నంత వరకే. మూడో ప్రశ్నకు 2016 అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తొమ్మిదేళ్ళు. హైదరాబాదులో పేస్‌మేకరు పెట్టిన ఆసుపత్రి మూతపడడం, తరువాత కరోనా రావడం, నాన్న రోజూ సాయంత్రం పెన్షనర్ల సంఘం దాకా నడిచి వెళ్ళి రావడం, ఇవన్నీ కలిసి ఆ పరీక్షను మా మనసులోంచి తుడిచేశాయి. పేస్‌మేకరు ఉన్న మనిషి బాగున్నాడంటే పేస్‌మేకరు బాగున్నట్టే అని మేము నమ్మాము.

ఆవిడ కోప్పడలేదు. ఆపరేషనులో రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల కొన్నిసార్లు పేస్‌మేకరు ఆ కరెంటునే గుండెచప్పుడని భ్రమించి ఆగే అవకాశం ఉంటుందనీ, తుంటి నాభికి దిగువన ఉన్నది కనుక ఆ ప్రమాదం తక్కువేననీ, తనకు అసలు భయం బ్యాటరీ గురించేననీ చెప్పారు. దాదాపు 13 ఏళ్ళ నాటి పెట్టెలో ఎంత ప్రాణం మిగిలిందో తెలియకుండా తాను మత్తు ఇవ్వనన్నారు. ఆ మాట వినగానే నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు మాకు ఎదురైన వాళ్ళందరిలో ఆవిడకే అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నానని తెలుస్తున్నది.

తమ్ముడు వెంటనే తణుకు వెళ్ళి బీరువాలు, సూట్‌కేసులు, అటక మీది ట్రంకుపెట్టె అన్నీ వెతికాడు. పేస్‌మేకరు పెట్టిన ప్రతి మనిషికీ పర్సులో పట్టే చిన్న కార్డు ఇస్తారు. నాన్నది 2018లో బస్సులో పర్సు పోయినప్పుడు దానితో పాటే పోయింది. తమ్ముడికి దొరికింది డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే. అందులో పూర్తి హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అందకపోవడం) ఉందనీ, పర్మనెంట్ పేస్‌మేకరు అమర్చామనీ, వివిఐఆర్ పద్ధతిలో (గుండె కింది గదిని ఒకే తీగతో కొట్టిస్తూ, నడకకు తగినట్టు వేగం పెంచే పద్ధతి) పెట్టామనీ రాసి ఉంది. కంపెనీ పేరు లేదు, మోడలు లేదు, సీరియల్ నంబరు లేదు. రెండు పేజీలలో నాన్న ఆ ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ వాడిన ప్రతి మాత్ర పేరూ ఉంది గాని, ఆయన ఒంట్లో శాశ్వతంగా వదిలిపెట్టిన వస్తువు పేరు మాత్రం లేదు. సమ్మరీ మీద ఉన్న ఫోను నంబర్లు రెండూ పనిచేయలేదు. పెట్టిన డాక్టరు గారు ఆ ఆసుపత్రి మూతపడ్డాక ఎక్కడికి వెళ్ళారో ఆ చుట్టుపక్కల తెలిసిన వాళ్ళెవరూ చెప్పలేకపోయారు.

బుధవారం సాయంత్రం ఏడు గంటలకు ఒక డ్యూటీ డాక్టరు గారు గారె ఆకారంలో ఉన్న అయస్కాంతం తెచ్చి నాన్న పేస్‌మేకరు మీద పెట్టించి ఈసీజీ తీయించారు. అయస్కాంతం పెట్టినప్పుడు పేస్‌మేకరు గుండె సొంత లయను పట్టించుకోవడం మానేసి, కంపెనీ ముందే నిర్ణయించిన ఒక వేగంతో కొడుతుందట. ఆ వేగాన్నిబట్టి అది ఎవరిదో, బ్యాటరీ ఎంత ఉందో అంచనా వేయవచ్చునట. కాగితం మీద చుక్కల్లాంటి సన్నని నిలువు గీతలు సమంగా వచ్చాయి. రెండు గీతల మధ్య పదిహేడున్నర చిన్న గడులు ఉన్నాయి, అంటే నిమిషానికి 85. ఆ డాక్టరు గారు తేలికపడ్డ ముఖంతో, 85 అంటే మెడ్‌ట్రానిక్ కంపెనీ అనీ, ఆ కంపెనీలో 85 వచ్చిందంటే బ్యాటరీ బాగున్నట్టేననీ, అది అయిపోవచ్చినప్పుడు 65కు పడిపోతుందనీ చెప్పారు. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. రాత్రి పది తరువాత నాన్నకు ఏమీ పెట్టవద్దని చెప్పారు. పొద్దున్నే ఆపరేషను అని మేము బంధువులందరికీ ఫోన్లు చేశాము.

గురువారం ఉదయం ఏడు గంటలకు మత్తు డాక్టరు గారు ఆ ఈసీజీని కిటికీ దగ్గర వెలుతురులో చాలాసేపు చూసి, ఆపరేషను ఆపేశారు. ఆవిడ పిలిపించిన గుండె డాక్టరు గారు పదిన్నరకు వచ్చి మాకు వివరించిన తీరు నాకు ఇంకా మాటమాటా గుర్తుంది. 85 అన్న అంకెకు ఒక్క అర్థమే లేదట. మెడ్‌ట్రానిక్ వాళ్ళ పెట్టెలో అది నిండు బ్యాటరీకి గుర్తు. సెయింట్ జూడ్, బోస్టన్ సైంటిఫిక్ కంపెనీల పెట్టెలలో బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు వేగం వందకు దగ్గరగా ఉండి, మార్చవలసిన దశ వచ్చేసరికి అదే 85 ప్రాంతానికి దిగుతుంది. ఒకే కాగితం, ఒకే అంకె. ఒక కంపెనీది అనుకుంటే ధైర్యంగా ఆపరేషనుకు వెళ్ళవచ్చు, ఇంకొక కంపెనీది అయితే పెట్టె ఆఖరి దశలో ఉందని అర్థం. మెడ్‌ట్రానిక్ వాళ్ళ చాలా మోడళ్ళలో అయస్కాంతం పెట్టిన వెంటనే మొదటి మూడు దెబ్బలు వంద వేగంతో పడి, ఆ తరువాత 85కు వస్తాయనీ, ఆ మూడు దెబ్బలు కాగితం మీద ఉంటే కొంత నమ్మకం కలిగేదనీ ఆయన అన్నారు. రాత్రి ఈసీజీ తీసిన అబ్బాయి అయస్కాంతం పెట్టి, అది జారకుండా సర్ది, ఆ తరువాతే కాగితం నడిపాడు. ఆ మొదటి మూడు దెబ్బలు కాగితం మీదికి ఎక్కలేదు. మళ్ళీ తీద్దామన్నారు, తీశారు. ఈసారి కాగితం నడుస్తుండగా అయస్కాంతం పెట్టారు గాని, అదే సమయానికి నాన్న నొప్పితో కదలడంతో ఆ కాస్త భాగమూ అలుక్కుపోయింది. మూడోసారి తీయమని అడగబోయాను. అప్పటికే ఆయన మెడ్‌ట్రానిక్ ప్రతినిధికి ఫోను చేస్తున్నారు.

ఇక్కడ నాకు అంతవరకు తెలియని ఒక సంగతి చెప్పాలి. ఫోన్లు ఏ కంపెనీవైనా ఒకే ఛార్జరు పెట్టుకుంటున్న ఈ రోజుల్లో, పేస్‌మేకరును చదివే యంత్రం మాత్రం ఏ కంపెనీది ఆ కంపెనీకే పనిచేస్తుంది. ప్రోగ్రామరు అని పిలిచే ఆ యంత్రం చిన్న సూట్‌కేసులా ఉంటుంది, దానికి తీగతో ఒక చేతి పరికరం ఉంటుంది, దాన్ని చర్మం మీద పెట్టె ఉన్న చోట ఆనిస్తే లోపలి వివరాలన్నీ తెర మీదికి వస్తాయి. పెద్ద గుండె ఆసుపత్రులలో అన్ని కంపెనీల యంత్రాలూ ఉంటాయేమో గాని, మేమున్న ఎముకల ఆసుపత్రిలో ఒక్కటీ లేదు. కంపెనీ పేరు తెలిస్తేనే ఆ కంపెనీ మనిషిని పిలవగలం, ఆ మనిషి వస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది.

మెడ్‌ట్రానిక్ ప్రతినిధి విజయవాడ నుంచి రైల్లో బయలుదేరి మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడు, భోజనం కూడా చేయలేదు. యంత్రం తెరిచి, చేతి పరికరాన్ని నాన్న ఛాతీ మీద పెట్టి, పక్కకు జరిపి, తిప్పి, కొంచెం నొక్కి, ఇరవై నిమిషాలు ప్రయత్నించాడు. తెర మీద ఏమీ రాలేదు. ఆ ఇరవై నిమిషాలూ మేము మంచం చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. చివరికి అతను పరికరాన్ని మెల్లగా తీసి, "ఇది మాది కాదక్కా. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా ఇలాగే మాట్లాడదు గాని, అయస్కాంతానికి అంత నిక్కచ్చిగా జవాబిస్తోందంటే ఇది ప్రాణంతోనే ఉంది. వేరే కంపెనీది అయ్యుంటుంది" అన్నాడు. డబ్బు తీసుకోలేదు, రైలు ఛార్జీ ఇస్తామన్నా వద్దన్నాడు. వెళ్ళేముందు గుండె డాక్టరు గారితో మాట్లాడి, ఛాతీ మొత్తం కాకుండా పెట్టె ఉన్న చోటు మాత్రమే దగ్గరగా, మామూలుకంటే ఎక్కువ తీవ్రతతో ఎక్స్‌రే తీస్తే లోపల ముద్రించిన అక్షరాలు కనిపిస్తాయని గుర్తుచేశాడు.

బుధవారం తీసిన ఛాతీ ఎక్స్‌రే మా దగ్గర ఉంది. అందులో పెట్టె తెల్లని ముద్దలా ఉంది తప్ప ఏ అక్షరమూ లేదు. ఊపిరితిత్తులు బాగా కనిపించేలా తీసిన ఎక్స్‌రేలో లోహం అలాగే ఉంటుందట. గురువారం సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ తీయించాము, 450 రూపాయలు. కాలికి బరువు కట్టి లాగిపెట్టిన మనిషిని మంచంతో సహా ఎక్స్‌రే గదికి తీసుకుపోవడం, గడప దాటేటప్పుడు ఆ బరువు ఊగడం, నాన్న పళ్ళు బిగించి కళ్ళు మూసుకోవడం చూశాక, ఈ ఎక్స్‌రే మొదటి రోజే ఇలా తీసి ఉంటే ఎంత బాగుండేదని చాలా బాధపడ్డాను. ఎవరినైనా ఇలాంటి పరిస్థితిలో ఆసుపత్రికి తీసుకువెళ్తే, మొదటి ఎక్స్‌రే తీసేటప్పుడే పేస్‌మేకరు మీద విడిగా ఒక ఫిల్ము తీయమని అడగండి.

ఈసారి తెల్లని ముద్ద స్థానంలో గుండ్రని అంచులున్న పెట్టె, అందులో బ్యాటరీ, చుట్టలు చుట్టిన తీగ, వాటి పక్కన ఒక వరుస చిన్న గుర్తులు కనిపించాయి. అక్షరాలే, కాని ఏ భాషవో తెలియనట్టు ఉన్నాయి. ఎక్స్‌రే తీసిన ఆయన అవి అంకెలనుకున్నారు. గుండె డాక్టరు గారు కంప్యూటరులో బొమ్మను అటుదిటు తిప్పి, తలకిందులు చేసి చూపించేసరికి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న ఎస్, జె, ఎం అన్న మూడు అక్షరాలు, వాటి పక్కన మోడలును చెప్పే ఇంకో రెండు అక్షరాలు సరిగా నిలబడ్డాయి. పదమూడేళ్ళలో పెట్టె చర్మం కింద వెనక్కి తిరిగిపోయిందట, అలా తిరగడం అరుదేమీ కాదట. ఎస్, జె, ఎం అంటే సెయింట్ జూడ్ మెడికల్. ఆయన తన ఫోనులో ఒక్కొక్క కంపెనీ పెట్టె ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో చూపే పట్టిక కూడా తీసి పోల్చారు. ఇలా ఎక్స్‌రేను చూసి కంపెనీని గుర్తుపట్టే వరుస పద్ధతిని వైద్యులు 2011లోనే ప్రచురించారనీ, 2019లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 45 మోడళ్ళ ఎక్స్‌రేలతో ఇదే పని చేసే కంప్యూటరు ప్రోగ్రాము తయారుచేశారనీ ఆయన చెప్పారు. అక్షరాలు చదవడానికి వీలుకాని ఎక్స్‌రేలలో బ్యాటరీ ఆకారం, తీగచుట్ట ఉన్న చోటు వంటివే దారి చూపుతాయట.

పేరు దొరికిందన్న సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. సెయింట్ జూడ్ అయితే 85కు అర్థం ఏమిటో ఉదయమే విన్నాము కదా. అమ్మ నా ముఖం చూసి విషయం గ్రహించింది, ఏమీ అడగలేదు. గుండె డాక్టరు గారు కూడా మెత్తగానే చెప్పారు: పెట్టె ఇప్పుడే ఆగిపోదు, మార్చమని గుర్తు చూపించిన నాటి నుంచి మామూలుగా మూడు నెలల దాకా పనిచేసేలా తయారుచేస్తారు, అయితే ఆ గుర్తు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడలేదు.

తమ్ముడు ఆ రాత్రి సెయింట్ జూడ్ కార్యాలయం కోసం వెతికి, ఆ పేరుతో ఏదీ దొరకక కంగారుపడ్డాడు. ఆ కంపెనీని 2017లో అబాట్ కొనేసింది. నాన్న ఒంట్లో ఉన్న పేరు ఇప్పుడు బోర్డు మీద లేదు. పాత పేరుతో వెతికే ఏ కుటుంబానికైనా ఈ ఇబ్బంది వస్తుంది కనుక రాస్తున్నాను: గైడెంట్ అన్న పాత పేరు ఉంటే 2006 నుంచి బోస్టన్ సైంటిఫిక్ వాళ్ళను, సోరిన్ అని ఉంటే మైక్రోపోర్ట్ వాళ్ళను అడగాలని తరువాత ఆ ప్రతినిధులే మాకు చెప్పారు. అబాట్ ప్రతినిధి విశాఖపట్నంలో ఉన్నారు, మరునాడు అక్కడ రెండు కేసులున్నాయి, శుక్రవారం రాత్రికి వస్తానన్నారు.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. అమ్మ పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఏడాది మానలేదు. ఆసుపత్రి గదిలో కిటికీ గట్టు మీద చిన్న పటం పెట్టి, పక్క గదిలోని పేషెంటు భార్య ఇచ్చిన పూలతో పూజ చేసి, తోరం కట్టుకుని, నాన్న తలవైపు కూర్చుంది. ఆ రోజు నాన్న బాగా నీరసించారు. రెండు రాత్రులు ఆపరేషను ఉండవచ్చని ఏమీ పెట్టకుండా ఉంచి, పొద్దున్న లేదనడం వల్ల ఆయన తిండి మీద ఆశ వదులుకున్నారు. నడుము కింద చర్మం ఎర్రబడడం మొదలైంది. నర్సమ్మ గారు రెండు గంటలకొకసారి వచ్చి పక్కకు ఒత్తిగిలించినప్పుడల్లా ఆయన మూలుగు గది బయటికి వినిపించేది. గది అద్దె రోజుకు 3,800. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ మూలుగుకు కారణం ఎముక మాత్రమే కాదు, మా ఇంట్లో లేని ఒక కాగితం కూడా అని నాకు తెలుసు. ఆ మాట నేను తమ్ముడితో అనలేదు. అతను నాతో అనలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు అబాట్ ప్రతినిధి వచ్చారు. యంత్రం తెరిచి చేతి పరికరం ఆనించిన కొద్ది క్షణాల్లోనే తెర మీద వరుసగా అక్షరాలు రావడం మొదలైంది. మోడలు పేరు, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ 2012 నవంబరు 21. మా దగ్గర ఎవరికీ గుర్తులేని ఆ తేదీ ఇన్నేళ్ళూ నాన్న చర్మం కిందే భద్రంగా ఉంది. ఆ తరువాతి వరుసలోనే బ్యాటరీ మార్చవలసిన దశకు చేరిందన్న హెచ్చరిక ఉంది. గుండెలోకి వెళ్ళే తీగ మాత్రం బాగున్నది. ఇక మిగిలింది నాలుగో ప్రశ్న. గుండె డాక్టరు గారు పక్కన నిలబడి, పేస్‌మేకరు వేగాన్ని 60 నుంచి 50కి, 40కి మెల్లగా తగ్గించమన్నారు. నలభైకి వచ్చేసరికి నాన్న, కళ్ళు తిరుగుతున్నాయి అన్నారు. ఇంకా తగ్గిస్తే 34 దగ్గర ఆయన సొంత గుండెచప్పుడు ఈసీజీలో కనిపించింది. వెంటనే వేగం పెంచేశారు. 34 అంటే చాలా తక్కువే, కాని సున్నా కాదు. మత్తు డాక్టరు గారు ఆ అంకెను ఫైలులో రాసి కింద గీత గీశారు.

జారిపడడానికి ముందు రెండు నెలలుగా నాన్న మేడ మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నారు. వయసు వల్ల అనుకున్నాము. బ్యాటరీ తగ్గినప్పుడు కొన్ని పేస్‌మేకర్లు శక్తి ఆదా చేసుకోవడానికి, నడకకు తగినట్టు వేగం పెంచే పని మానేస్తాయనీ, ఈ ఆయాసానికి అదే కారణం కావచ్చు, కాకపోనూవచ్చుననీ గుండె డాక్టరు గారు అన్నారు. స్నానాలగదిలో పడడానికి కూడా అదే కారణమా అని అమ్మ అడిగింది. చెప్పలేమన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ముందు పెట్టె మార్చడమా, ముందు తుంటి ఆపరేషనా అన్నది ఆ రాత్రే నిర్ణయించారు. పెట్టె ఇంకా పనిచేస్తోంది కనుక, మంచం మీద ఇంకొక వారం ఉండడమే పెద్ద ప్రమాదం కనుక, తుంటి ముందు. శనివారం, ఆగస్టు 9 ఉదయం ఎనిమిది గంటలకు తీసుకువెళ్ళారు. అవసరమైతే బయటి నుంచి గుండెను నడిపే యంత్రం పక్కన సిద్ధంగా ఉంచారు, కరెంటు పరికరం తాలూకు పట్టీని విద్యుత్తు ఛాతీ వైపు పోకుండా తొడ మీదే అంటించారు, అయస్కాంతాన్ని మత్తు డాక్టరు గారు తన చేతికి అందేలా పెట్టుకున్నారు. ఒక గంటా నలభై నిమిషాల తరువాత ఆవిడే బయటికి వచ్చి, అయస్కాంతం అవసరం రాలేదమ్మా అని చెప్పారు. నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. మరునాడు సాయంత్రం నాన్నను వాకరుతో నిలబెట్టారు, 14వ తేదీన ఇంటికి పంపారు. ఈ ఆసుపత్రికి మొత్తం 1,84,000 అయింది. పేస్‌మేకరు వివరం ముందే తెలిసి ఉంటే రెండు రోజుల గది అద్దె, రెండో ఎక్స్‌రే, పదేపదే తీసిన ఈసీజీలు తగ్గేవి.

పెట్టె మార్చే ఆపరేషను 18వ తేదీన అనుకున్నాము గాని, తుంటి కుట్ల దగ్గర కొంచెం నీరు రావడంతో, ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా కొత్త పెట్టెకు పాకుతుందని వాయిదా వేశారు. ఆ రెండు వారాలూ నేను రాత్రి రెండుసార్లు లేచి నాన్న నాడి పట్టుకుని, గోడ గడియారం చూసుకుంటూ లెక్కపెట్టేదాన్ని. 23న కుట్లు తీశారు, రక్తపరీక్ష బాగున్నది. వినాయక చవితి వెళ్ళాక సెప్టెంబరు 1, సోమవారం నాడు మరొక ఆసుపత్రిలో మార్చారు. పాత కంపెనీ పెట్టె రావడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుందంటే ఆగే ధైర్యం లేక, దొరికిన మెడ్‌ట్రానిక్ పెట్టెనే తీసుకున్నాము. గురువారం నాడు ఆకలితో వచ్చి మాకు దారి చెప్పి వెళ్ళిన ఆ కుర్రవాడే దాన్ని తెచ్చాడు. తీగ చివర కొలత అన్ని కంపెనీలకూ ఒకే ప్రమాణంలో ఉంటుంది కనుక పాత తీగకే కొత్త పెట్టె తగిలించారు. నాన్న సొంత లయ 34 మాత్రమే కనుక, పాతది తీసి కొత్తది తగిలించే ఆ కొన్ని సెకన్ల కోసం కుడి గజ్జల నుంచి తాత్కాలిక తీగ ఒకటి వేశారు. పెట్టెకు 72,000, అంతా కలిపి 1,18,000 అయింది. బిల్లులు రీయింబర్స్‌మెంటుకు పెట్టాము, ఇది రాసేనాటికి ఇంకా ఏమీ రాలేదు.

ఒక విషయంలో మాత్రం ఈసారి నేను పట్టుబట్టాను. కొత్త కార్డు మీద కొత్త పెట్టె వివరాలే రాసి ఇచ్చారు. లోపలి తీగ 2012 నాటిదీ, వేరే కంపెనీదీ. కొత్త పెట్టె ఎంఆర్ఐ స్కానింగుకు పనికివచ్చే రకమే అయినా, పాత తీగ అలాంటిది కాదు కనుక ఆ రెండూ కలిసిన ఏర్పాటుకు ఆ అనుమతి వర్తించదని డాక్టరు గారు నోటితో చెప్పారు. పదేళ్ళ తరువాత ఎవరైనా ఆ కార్డును మాత్రమే చూస్తే ఎంఆర్ఐ గదిలోకి పంపేస్తారు. అందుకని డిశ్చార్జి సమ్మరీలోనూ, కార్డు వెనుకా తీగ కంపెనీ, పెట్టిన తేదీ, ఎంఆర్ఐ గురించిన హెచ్చరిక రాయించి సంతకం పెట్టించాము. పెట్టె తాలూకు అట్టపెట్టెలో మోడలు, సీరియల్ నంబరు ఉన్న అంటింపు కాగితాలు ఒకటికంటే ఎక్కువ ఉంటాయి. ఒకటి ఆసుపత్రి ఫైలులో అంటించాక మిగిలినది అడిగి తీసుకుని, అమ్మ ఆధార్ కార్డు వెనుక అంటించాము. నాన్న పర్సు పోయినా అమ్మది ఉంటుంది.

ఆగస్టు 20న నాన్న స్నేహితుడు, మేము బాబాయి అని పిలిచే మరొక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక పాత ఫైలుతో ఇంటికి వచ్చాడు. 2012లో నాన్న వైద్య ఖర్చుల కాగితాలు ఆఫీసుకు పంపేటప్పుడు అసలు బిల్లులన్నీ ఇచ్చేయవలసి వస్తే, వాటికి జిరాక్సులు తీయించి తన దగ్గర పెట్టుకున్నది ఆయనే. నాన్నకు ఆ సంగతే గుర్తులేదు, ఆయనకేమో మేము వెతుకుతున్నామని తెలియదు. అందులో ఒక పుటలో ఆ అంటింపు కాగితం నకలు మసకగా ఉంది: కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు. తణుకులో మా ఇంటికి మూడు వీధుల అవతల.

సెప్టెంబరు 1 సాయంత్రం, తీసేసిన పాత పెట్టెను ఒకసారి చూపించమని నాన్న అడిగారు. కంపెనీకి తిరిగి పంపాలి గాని చూపిస్తామని, పారదర్శకమైన సంచిలో పెట్టి తెచ్చారు. అగ్గిపెట్టెకంటే కొంచెం చిన్నది, బూడిదరంగు లోహం, అంచులు నున్నగా ఉన్నాయి. దాని ముఖం మీద కంపెనీ పేరు, మోడలు, సీరియల్ నంబరు స్పష్టంగా చెక్కి ఉన్నాయి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, తరగతిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క అంకె పైకి చదివారు. తమ్ముడు బాబాయి ఇచ్చిన జిరాక్సు పట్టుకుని పక్కనే నిలబడి, ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. అన్నీ కలిశాయి.